రెండు సమానాలు

అంకుద్ రేవు కార్యాలయంలో జూన్ చలి.
చిలీ దక్షిణాన జూన్ అంటే నడి శీతాకాలం.
కట్టెల పొయ్యి మీద కెటిల్ సన్నగా గొణుగుతుంటే
ఒదిల్యా బర్రియా రాత్రంతా మేలుకుని
సర్వర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది.
దాంతోపాటే, చెప్పాపెట్టకుండా,
గుమ్మంలో షెల్ మారింది.

పాతది వయసు మళ్ళిన గుమాస్తా,
సగం మాట నోట్లో ఉండగానే
మిగతా సగం తనే పూరించుకునేది.
కొత్తది బక్కపలచన, మహా చురుకు.
నిబంధనల పుస్తకంలో లేని మాట
దాని చెవికి మాటే కాదు.

ఏడింటికి ఆటుపోట్ల చీటీ అచ్చయింది.
ప్రతి వరుస ముందూ ఒక చిన్న గీత, ఒక 'ఈ'.
గీత, ఈ, పోటు ఆరూ ఇరవైకి.
గీత, ఈ, ఆటు పన్నెండూ నలభైకి.

ఆల్చిప్పల పడవ నోల్బెర్తో హువెంచూర్
చీటీని కిటికీ వెలుగుకి పట్టి
పక్కవాడికి భాష్యం చెప్పాడు:
"ఈ అంటే ఎస్తే. తూర్పు.
ముందు గీత ఉందంటే
తూర్పుగాలి తగ్గుముఖం అన్నమాట."

ఒదిల్యా పగలబడి నవ్వింది.
అది ఆజ్ఞకి తగిలించిన తోక, అంతే.
పాత షెల్ దాన్ని గుట్టుగా మింగేసేది.
కొత్తది తోకని కూడా చదివి వినిపించింది.

ఆ నవ్వు పదకొండు దాకా నిలిచింది.

బయట జెండా తాడు స్తంభాన్ని టకటకా కొడుతోంది.
గోడమీది పలక మాత్రం పచ్చగా,
రేవు తెరిచే ఉంది అంటోంది.
నోల్బెర్తో పలకని చూశాడు,
కాలువ అవతల కమ్ముకొస్తున్న మబ్బుని చూశాడు,
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని,
"నేను పోను" అన్నాడు.
షెల్ సంగతి అతనికేం తెలుసు.

అప్పుడు తెరిచిందామె, ఎవరూ చదవని లాగ్ ఫైలు.
తెల్లవారుజాము నుంచి పావుగంటకోసారి ఒకటే మొర:
ఊహించని గుర్తు. ఊహించని గుర్తు. ఊహించని

గాలి స్థితి, రెండు సమానాలు, తుఫాను
అయితే రేవు మూసెయ్,
కాకపోతే తెరిచి ఉంచు.
కొత్త షెల్‌కి ఒక్క సమానమే తెలుసు.
రెండోదాన్ని చూసి తెల్లబోయి,
లాగ్‌లో ఒక ముక్క గొణిగి,
'కాకపోతే' అన్న తలుపులోంచి నడిచిపోయింది.
అక్కడే కూలబడినా బాగుండేది.

ముందు చేత్తో పలక ఎర్రగా మార్చింది.
తర్వాత కెల్యోన్‌కి ఫోను,
ఈ స్క్రిప్టులన్నీ రాసి, రిటైరై
బంగాళాదుంపలు వేసుకుంటున్న ఎలియాసర్ లెవికోయ్‌కి.
"మొదటి వరుసలో ఎస్ హెచ్ అని పేరు పెట్టి
లోపలంతా బ్యాష్ మాట్లాడావేం?"
అట్ట మీద గ్రాంథికమని అచ్చేసి
లోపల ఇంటి యాసలో రాసిన పుస్తకంలా ఉందది.
"మా రోజుల్లో రెండూ ఒకటేనమ్మా,
ఆ తలుపు తడితే ఆయనే వచ్చేవాడు" అన్నాడు ముసలాయన.
అతని గొంతులో తప్పు చేసిన జాడ లేదు.
నిజానికి తప్పూ లేదేమో.

ఒక్క ఆజ్ఞతో పాత గుమాస్తాని
మళ్ళీ గుమ్మంలో కూర్చోబెట్టొచ్చు.
వేళ్ళు కీబోర్డు దాకా వెళ్ళాయి కూడా.
కానీ మిషన్ పొద్దున్నే
పదకొండు సెకన్లు ముందుగా లేచింది,
అదొకటి గుర్తొచ్చింది.

నలభై మూడు ఫైళ్ళు.
కొన్నిటికి మొదటి వరుస దిద్దింది,
మాట్లాడే భాష పేరే రాసుకోమని.
కొన్నిట్లో ఒక సమానం తీసేసింది.
శ్రేణుల్ని సంచుల్లా మోస్తున్న ఒకదాన్ని
ముట్టుకోవడానికి భయపడి వదిలేసింది.

రాత్రి పదింటికి కెల్యోన్ నుంచి ఫోను.
"ఇంకోటుంది. ఏటా డిసెంబర్ ఆఖరి రాత్రి మాత్రమే నడుస్తుంది.
అందులో ఏం రాశానో గుర్తు రావడం లేదు."

మర్నాడు చీటీ శుభ్రంగా వచ్చింది.
నోల్బెర్తో అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి
కౌంటర్ మీదికి వంగి అడిగాడు:
"తూర్పు వెయ్యలేదే ఇవాళ?"